పేరు ముందరి చిన్న గడి

1995 ఫిబ్రవరి 6, సోమవారం

ఇవాళ కూడా పదకొండూ పదికి కరెంటు పోయింది. అప్పటికి ప్రోగ్రాం ఏడు వేల వరుసలు చేసింది. చేయాల్సినవి లక్షా ఎనభై ఆరు వేలు. కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి వరుస నుంచి మొదలు. ఇప్పటికి ఇది ఐదోసారి.

విద్యాసాగర్‌రావు గారు తలుపు దగ్గర నిలబడి ఎంతయిందని అడిగారు. ఈ కంప్యూటర్ సెంటర్ ఆయనది, పరువు కూడా ఆయనదే, రోజుకు నాలుగుసార్లు గుర్తు చేస్తారు. ఏడు వేలయింది, పోయింది అన్నాను. యూపీఎస్ ఉన్నది గదా అన్నారు. దాని ఊపిరి ఇరవై నిమిషాలు. కరీంనగర్‌లో కరెంటు పోతే రెండు గంటలు.

ఈ నెల ఇరవై ఎనిమిదికల్లా జాబితా ఇవ్వాలి. ఆయన గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టారు. పదకొండు ఊళ్ళు ప్రాజెక్టు కింద మునుగుతాయి. వానలు పడగానే నీళ్ళు నిలబెడతారు. ఆ ఊళ్ళలో పెళ్ళయిన ప్రతి మగవాడికి ఎత్తు మీద కట్టే కొత్త ఊరిలో ఒక ఇంటి జాగా. మా జాబితాలో పేరుంటే జాగా, లేకపోతే లేదు. అంత పని నా మీద పెట్టి ఎనిమిది ఎంబీల మెమరీ ఉన్న మిషన్ ఇచ్చారు.

ఫిబ్రవరి 7

పదీ నలభైకే పోయింది.

ఫిబ్రవరి 9, గురువారం

మెడ పట్టేసింది. ప్రోగ్రాం నడపడం మానేసి అది ఏం చేస్తోందో కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాను. రాసినాయన హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఆయన పాపం మూట నా దగ్గర ఉంది.

అది ముందు డేటాబేస్‌ను అన్నీ ఒకేసారి ఇమ్మంటుంది. అన్నీ అంటే మనుషులు, ఇళ్ళు, పొలాలు, బావులు, చెట్లు, వరుసకు అరవై రెండు గడులు. మామిడి చెట్టు వయసుతో సహా. మెమరీలో పట్టక మిషన్ వాటిని డిస్కు మీద పోసుకుంటుంది, మళ్ళీ ఎత్తుకుంటుంది, మళ్ళీ పోసుకుంటుంది. అది చాలదన్నట్టు ఒక్కో వరుస తీసి, దాని ఇంటి నంబరు పట్టుకుని మళ్ళీ డేటాబేస్ దగ్గరికి పోయి ఈ ఇంటి వివరాలేమిటని అడుగుతుంది. గాదెలోని కందులన్నీ నట్టింట్లో పోసుకుని, ఒక్కో గింజ చేత పట్టుకుని, ఇది ఏ చేనుదో అడగడానికి మళ్ళీ గాదె దాకా నడిచినట్టు ఉంది. లక్షా ఎనభై ఆరు వేల సార్లు నడవాలి.

నలభై నాలుగు గంటలు ఎందుకు పడుతుందో ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ అనవసరంగా మిషన్‌ను తిట్టాను.

ఫిబ్రవరి 13, సోమవారం

ఒకేసారి ఐదు వందల వరుసలే తెమ్మన్నాను. అవి అయ్యాక ఇంకో ఐదు వందలు. చివర ఏ నంబరు దాకా చేసిందో ఒక చిన్న ఫైలులో రాసిపెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చినా అక్కడి నుంచే అందుకుంటుంది. ఇవాళ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ అందుకుంది. చాలా రోజులకు మధ్యాహ్నం అన్నం రుచిగా అనిపించింది.

దేవదాస్ వచ్చి నిలబడి చూశాడు. ఈ వరుసలన్నీ ఆయన కొట్టినవే. ముప్పై ఏళ్ళు కోర్టు ముందు టైపు మిషన్ పెట్టుకుని కూర్చున్న మనిషి, యాభై దాటాక కీబోర్డు నేర్చుకున్నాడు. మాట తక్కువ. చూసి, తల ఊపి, పోయి తన సీట్లో కూర్చున్నాడు.

ఫిబ్రవరి 15

ఊరు, ఇంటి నంబరు మీద, పుస్తకం చివరి పదసూచిలాగా, ఇండెక్స్ కట్టాను. ఇంటి వివరాలు మనిషి వరుసతో పాటే వచ్చేలా రెండు ప్రశ్నలను ఒకే ప్రశ్న చేశాను. నలభై నాలుగు గంటలు మూడున్నరకు దిగింది. విద్యాసాగర్‌రావు గారు గంటలోపల అయితలేదా అన్నారు. ఆశకు అంతు లేదు.

ఫిబ్రవరి 17, శుక్రవారం

అరవై రెండు గడుల్లో జాబితాకు కావలసినవి తొమ్మిదే. మిగతా యాభై మూడింటిని మోసుకు రావడం దండగ. వాటిని డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలోంచి, అంటే క్వెరీలోంచి, తీసేశాను.

ఇంకో తలనొప్పి ఉంది. ఒక మనిషి నాలుగు చోట్ల కనబడతాడు. ఇంటి ఫారంలో ఒకసారి, పొలం ఫారంలో ఒకసారి, బావి, చెట్లు. నలుగురిని ఒక్కడిని చేయాలి. ఈ పనిని ప్రోగ్రాంలో చేయకుండా డేటాబేస్‌కే అప్పజెప్పాను. ఊరు, ఇంటి నంబరు, పేరు, తండ్రి పేరు ఒకటే అయితే ఒకే మనిషి. వయసును నమ్మడానికి లేదు. ఇంటి ఫారంలో ముప్పై ఐదు ఉన్నవాడికి బావి దగ్గరకొచ్చేసరికి నలభై రెండు.

పేరుకు ముందు ఒక చిన్న గడి ఉంది. పానకంలో పుడక. పె, న, చి అని రాశారు. కొన్నిట్లో పెద్ద అని పూర్తిగా ఉంది, సగానికి పైగా ఖాళీ. దాన్ని ఉంచితే ఒక్కడే మనిషి ఒక ఫారంలో చి, ఇంకో ఫారంలో ఖాళీ అయి ఇద్దరిగా తేలుతున్నాడు. అవన్నీ సరిచూడాలంటే కాగితపు ఫారాలు ముందేసుకుని పది రోజులు కూర్చోవాలి. తీసేశాను. అది వేగానికి కూడా అడ్డం.

దేవదాస్ అది చూసి, “గా ముందటి గడి తీస్తున్నరా మేడం? సర్వేవాళ్లు ఊకెనే రాయలే దాన్ని,” అన్నాడు. దాంతో పని నెమ్మదవుతోంది, సగం ఖాళీయే కదా అన్నాను. ఆయన ఒక మాట రెండోసారి చెప్పే రకం కాదు.

ఫిబ్రవరి 18, శనివారం

యాభై ఒక్క నిమిషాలు!

నమ్మకం కుదరక ఇంకోసారి నడిపాను. యాభై ఒక్క నిమిషాలే.

ఫిబ్రవరి 21

విద్యాసాగర్‌రావు గారు జిలేబీ తెప్పించారు. పునరావాసం పని చూసే స్పెషల్ ఆఫీసరుకు ఫోనులో నా సంగతి చెబుతుంటే పక్క గదిలోంచి విన్నాను. మా సరళాదేవి రెండు దినాల పనిని గంటల చేసిందండి అంటున్నారు. ముప్పై ఏడేళ్ళొచ్చాయి, ఇంకా ఎవరైనా మెచ్చుకుంటే చెవులు అటే పోతాయి. జాబితాలో ఆరు వేల ఎనిమిది వందల పన్నెండు పేర్లు. ప్రింటరు ఒక రోజంతా అరిచింది.

మార్చి 2

పదకొండు ఊళ్ళలోనూ పంచాయతీ గోడలకు జాబితాలు అంటించారట. అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు.

మార్చి 17, శుక్రవారం

గడువు అయిపోయింది. అభ్యంతరం ఒక్కటీ రాలేదు. ఇలాంటి జాబితాలకు వందల్లో అర్జీలొస్తాయట, ఆఫీసరు ఆశ్చర్యపోయాడట. విద్యాసాగర్‌రావు గారికి కాళ్ళు భూమి మీద నిలవడం లేదు.

ఒక్కటీ రాకపోవడమేమిటి అని ఒక క్షణం అనిపించింది. మంచి జాబితా అంటే ఇలాగే ఉంటుందేమో, మనకు అలవాటు లేదు గాని.

ఏప్రిల్ 3

మెడనొప్పి. కొత్త పని వచ్చింది, బడి పిల్లల పేర్లు. అక్క మనోరమ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఎన్నాళ్ళుంటావే ఆ ఎండలో అంది. ఎండ అక్కడ మాత్రం లేదా?

ఏప్రిల్ 24, సోమవారం

మునిగే పదకొండు ఊళ్ళలో మొదటగా గట్లపల్లెలో ఇవాళ చీటీలు తీసి జాగాలు పంచారు. అక్కడ ఏదో గొడవ జరిగిందట. తాగి కొట్లాడుకుని ఉంటరు అన్నారు విద్యాసాగర్‌రావు గారు. నేనూ అదే అనుకున్నాను.

ఏప్రిల్ 26, బుధవారం

గట్లపల్లె నుంచి ఒకతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చెప్పులు విడవమని బోర్డున్నది మిషన్ గదికే అయినా కింద మెట్ల దగ్గరే విడిచి వచ్చాడు. పేరడిగితే చిన్న రాజం అన్నాడు. తండ్రి అంతయ్య, చనిపోయి పదేళ్ళయింది.

జాబితా తీసి వెతికాను. గట్లపల్లె, రాజం, తండ్రి అంతయ్య. ఉంది కదా మీ పేరు అన్నాను. గదే మేడం అన్నాడు. ఆ తర్వాత చెప్పిందంతా తల దించుకునే చెప్పాడు.

చీటీలు తీసే రోజున రాజం, తండ్రి అంతయ్య అని పిలిస్తే ఇద్దరు లేచారు. ఇతనూ, ఇతని అన్న పెద్ద రాజమూ. వాళ్ళ తల్లి వేములవాడ రాజన్నకు మొక్కుకుంటే పెద్దవాడు పుట్టాడు, రాజం అని పెట్టింది. నాలుగేళ్ళకు మళ్ళీ మొక్కుకుంటే ఇతను పుట్టాడు. దేవుడికిచ్చిన మాట తప్పకూడదని ఇతనికీ రాజమే. ఊళ్ళో పెద్ద రాజం, చిన్న రాజం అంటారు. పెళ్ళిళ్ళయి వేరు పొయ్యిలు పెట్టుకున్నా ఇల్లు ఒక్కటే, నంబరూ ఒక్కటే. జాబితాలో రాజం ఒక్కడే.

పదిహేను రోజులు గోడ మీద పెట్టాం కదా, చూసుకోలేదా అని అడిగాను. నా గొంతులో దబాయింపు నాకే వినిపించింది.

“సూసుకున్న మేడం. నాకు సదువు రాదు, పంతులుతోటి సదివిపిచ్చిన. రాజం, తండ్రి అంతయ్య అని సదివిండు. నా పేరే గదా, మా బాపు పేరే గదా. మంచిగనే ఉన్నదని ఇంటికి పోయిన. మా అన్న గుడ గట్లనే సదివిపిచ్చుకొని పోయిండట.”

ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే ఇల్లు. ఎవరికి వారు తమ పేరు చూసుకుని నిశ్చింతగా ఇంటికి పోతే ఇంక అభ్యంతరం ఎవరు పెడతారు?

మంచినీళ్ళిచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. మీదే ఊరు మేడం అని అడిగాడు. జమ్మికుంట దగ్గర అని ఊరి పేరు, ఇంటి పేరు చెప్పాను. చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చోమన్నా కూర్చోలేదు. అప్పటి దాకా మేడం అన్నవాడు దొరసానీ అనడం మొదలుపెట్టాడు.

“జాగ లేకుంటె నేనేడికి పోవాలె దొరసానీ? వానలు వడితె ఇల్లు నీళ్లల్ల ఉంటది. మా అన్న ఊరందరి ముంగట ఒక మాటన్నడు. గా మాట నా నోటితోటి జెప్పలేను.”

ఏ మాట అని నేను అడగలేదు. చూస్తాను, నాలుగు రోజులాగి రమ్మన్నాను.

ఏప్రిల్ 27

ఆ గడిని కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి లెక్కించాను. ఏడు వందల ముప్పై చోట్ల తేడా వచ్చింది. ఇందులో ఎంతమంది నిజంగా ఇద్దరో, ఎంతమంది ఒక్కరో కాగితాలు చూస్తేగాని తెలియదు. పెద్ద మల్లయ్య, నడిపి మల్లయ్య, చిన్న మల్లయ్య, తండ్రి ఒకడే. ముగ్గురూ నా జాబితాలో ఒక్క మల్లయ్య.

చేతులు కాలాయి. ఆకులు పట్టుకోవాలి.

ఏప్రిల్ 28, శుక్రవారం

విద్యాసాగర్‌రావు గారికి చెప్పాను. లేచి తలుపు వేసి వచ్చారు. గడువు దాటిపోయిందనీ, జాబితా మీద సంతకాలయ్యాయనీ, మన ప్రోగ్రాంలోనే తప్పుందని రాసిస్తే ఆదిలాబాద్ పనులు కూడా చేతికి రావనీ అన్నారు. ఎనిమిది మంది ఈ సెంటర్ మీద బతుకుతున్నారట. అది నిజమే.

“తప్పు ఒప్పుకోవద్దంటలేను సరళా. టైపు కొట్టుడుల పోయిందని రాద్దాం. దేవదాస్ ఎట్లాగూ ఒక యాడాదిల మానుకునేటోడే. ఆయనకు ఏం ఫరక్ పడదు, ఆ మనుషులకు జాగలొస్తయి, మన పేరు నిలవడ్తది.”

రేపటికి ఉత్తరం రాసి పెట్టమన్నారు. ప్రోగ్రామర్‌గా కింద నేనే సంతకం పెట్టాలి.

ఏప్రిల్ 29

రాశాను. టైపింగులో జరిగిన పొరపాటు వల్ల కొన్ని పేర్లు కలిసిపోయాయని. నాలుగు వాక్యాలు, ఎక్కడా తడబాటు లేదు. మసిపూసి మారేడుకాయ చేయడం నాకు ఇంత బాగా వచ్చని తెలియదు. సంతకం ఇంకా పెట్టలేదు.

ఒక విధంగా చూస్తే ఇది పూర్తిగా అబద్ధం కూడా కాదు. గడులు సగం ఖాళీగా ఉన్నాయి కదా. ఆయనైనా అప్పుడు అడిగి ఉండాల్సింది.

ఏప్రిల్ 30, ఆదివారం

ఆయన అడిగాడు. ఫిబ్రవరి పదిహేడు నాడు. నా చేతితోనే రాసి ఉంది.

వెనక్కి తిప్పి చదువుకున్నాను. వేగానికి అడ్డం అని కూడా రాసుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను.

మా ఇంట్లో ఇద్దరు భూమన్నలు పనిచేసేవారు, అన్నదమ్ములు. పెద్ద భూమన్న ఎడ్లను చూసేవాడు, చిన్న భూమన్న నీళ్ళు మోసేవాడు. నాయనమ్మ సీతాబాయి వసారాలో కూర్చుని భూమా అని ఒక్క కేక వేసేది. ఇద్దరిలో చేతిలో పని లేనివాడు పరుగెత్తుకొచ్చేవాడు. ఎవడొచ్చినా ఆమెకు ఒకటే. ఆరేళ్ళ వయసులో నేనూ ఆ అరుగు మీద నిలబడి అలాగే పిలిచేదాన్ని. వాళ్ళకు నా నాయన వయసు.

పె, చి అంటే ఏమిటో నాకు తెలియదని ఎవరితోనైనా అనగలనేమో గాని ఇక్కడ రాయలేను. నాకు తెలుసు. తెలిసే తీసేశాను. విసుగుతో తీసేశాను. పది రోజులు ఫారాలు ముందేసుకుని కూర్చోవడానికి ఒళ్ళు వంగక తీసేశాను. ఇద్దరూ ఒకటే అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచి కష్టంగా ఉండేది కాదు. సిగ్గుగా ఉంది.

మే 2, మంగళవారం

ఉత్తరం దేవదాస్‌కు చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. తిడతాడని ఆశపడ్డానేమో.

నిలబడే చదివాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని రెండోసారి చదివాడు.

“గడిల ‘చి’ ఉంటె ‘చి’ కొట్టిన మేడం. ఖాళీ ఉంటె ఖాళీ ఇడిసిన. ముప్పై ఏండ్లు కోర్టు ముంగట కూసోని జైలుకు పొయ్యేటోళ్ల కాయితాలు సుత కొట్టిన. నా తాన ఒక్క అక్షరం తప్పు పోలే. మీరు దీని కింద దస్కతు పెడ్తరా?”

పెట్టను అన్నాను. అనేదాకా నాకూ తెలియదు. ఆయన సంతోషపడలేదు, కృతజ్ఞత చూపలేదు. కాగితం నాకిచ్చి, బడి పిల్లల పేర్లు కొట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. కృతజ్ఞత ఎందుకు చూపించాలి?

మే 3

గడిని మళ్ళీ క్వెరీలో పెట్టి మొత్తం నడిపాను. యాభై ఐదు నిమిషాలు.

నాలుగే నిమిషాలు తేడా. వేగమంతా ఐదు వందల చొప్పున తేవడంలోంచి, ఇండెక్స్‌లోంచి, రెండు ప్రశ్నలను ఒకటి చేయడంలోంచి వచ్చింది. ఆ గడి అడ్డమే కాలేదు.

మే 4, గురువారం

కొత్త ఉత్తరం. తప్పు ప్రోగ్రాంలో ఉంది, ప్రోగ్రాం మార్చింది నేను, టైపు చేసినవారి పొరపాటు ఏదీ లేదు. విద్యాసాగర్‌రావు గారికి ఒక నకలు ఇచ్చి, అసలు నేనే తీసుకెళ్ళి స్పెషల్ ఆఫీసరు చేతికిచ్చాను. ఆయన చదివి, మీ ఇష్టంతోనే రాశారా అమ్మా అని అడిగాడు. నీళ్ళు నిలబెట్టే లోపల అనుబంధ జాబితా తెస్తే పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. పదిహేను రోజులు ఇచ్చాడు.

మే 6

విద్యాసాగర్‌రావు గారు మాట్లాడడం లేదు. ఫారాల కట్టలు దించడానికి మనిషిని పంపమంటే పంపలేదు. నేనూ దేవదాసూ దించుకున్నాం. చిన్న రాజం నేను చెప్పిన గడువుకు రాలేదు. మీ పేరు ఎక్కుతుంది, తొందరపడి ఎటూ పోవద్దని కార్డు రాసి పోస్టు చేశాను.

మే 9

ఫారాలు.

మే 10

ఫారాలు. దుమ్ముకు దగ్గు. దేవదాస్ చదువుతాడు, నేను గుర్తు పెడతాను. మధ్యాహ్నం ఆయన డబ్బాలోంచి పచ్చిపులుసు సగం నాకు పోశాడు. ఉత్తరం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మే 16, మంగళవారం

అయిపోయింది. ఏడు వందల ముప్పైలో మూడు వందల ముప్పై తొమ్మిది నిజంగానే ఒక్కడే మనిషి, రెండుసార్లు రాసినది. మిగిలిన మూడు వందల తొంభై ఒక్కరు నేను మింగేసిన మనుషులు. పదకొండు ఊళ్ళలోనూ ఉన్నారు. ఈసారి ముందే జాగా వచ్చినవాళ్ళను కూడా వాళ్ళ పక్కనే చూపించి, పేరు ముందరి మాటను పొట్టిచేయకుండా పూర్తిగా అచ్చు వేయించాను. పెద్ద, నడిపి, చిన్న.

మే 22, సోమవారం

అనుబంధ జాబితా ఒప్పుకున్నారు. జాగాలు మాత్రం కొత్త ఊరి చివర, పల్లపు నల్లరేగడిలో. వానకు దిగబడే నేల. మంచివన్నీ అయిపోయాయి. నా తప్పుకు వాళ్ళు బురద తొక్కాలి.

నెలాఖరుతో నా పని చాలించమన్నారు విద్యాసాగర్‌రావు గారు. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నారు. ఆదిలాబాద్ పనులు పోయాయట. ఆయన మీద నాకూ కోపం రాలేదు.

మే 26, శుక్రవారం

చిన్న రాజం నుంచి ఏ కబురూ లేదు. దేవదాస్‌కు గట్లపల్లె పంతులు దూరపు చుట్టం. నిన్న బస్టాండులో కలిశాడట. ఆ రోజు పెద్ద రాజం అన్న మాటేమిటో దేవదాస్ నాకు చెప్పాడు, కిటికీ వైపు తిరిగి నిలబడి చెప్పాడు.

కాగితంలో ఒక్కడే ఉన్నాడు, మీలో అంతయ్య కొడుకు ఎవరని అడిగారట చీటీలు తీసేవాళ్ళు. ఇద్దరూ మేమే అన్నారు. కాగితంలో ఒక్కడే ఉన్నాడని మళ్ళీ అన్నారు. ఉన్నది ఒక్క జాగా. పెద్దవాడికి నలుగురు పిల్లలు. అప్పుడు తమ్ముణ్ణి చూపించి, “వీడు మా బాపుకు పుట్టిండని ఎవలన్న సూసిండ్రా?” అన్నాడట. వాళ్ళ తల్లి ఐలవ్వ అక్కడే, ఆడవాళ్ళలో కూర్చుని ఉంది. చీటీ పెద్దవాడికి ఇచ్చారు.

ఆ రోజు నుంచి ఐలవ్వ వాకిలి దాటి వీధిలోకి రాలేదట. పెద్దకొడుకు ఇంటి ముద్ద ముట్టడం లేదు. నెల దాటింది.

నేను నాలుగు నిమిషాలు మిగిల్చాను.

జూన్ 4, ఆదివారం

గట్లపల్లె వెళ్ళి వచ్చాను. ఇప్పుడే కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. మరిచిపోకముందే రాయాలి.

బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. సగం ఇళ్ళకు తలుపులు, వాసాలు పీకేసి బండ్ల మీద కట్టారు. అనుబంధ జాబితా పంచాయతీ గోడకు అంటించి ఉంది. దాని కింద అరుగు మీద పదిమంది దాకా మగవాళ్ళు కూర్చున్నారు. ఇల్లెక్కడని అడిగితే వాళ్ళలో ఒకతను చెయ్యి చూపించాడు. ముఖం చూస్తే తెలిసింది, పెద్ద రాజం అతనే.

చిన్న రాజం ఇంట్లో లేడు, కొత్త జాగా దగ్గర పునాదికి ముగ్గు పోయడానికి పోయాడని అతని భార్య చెప్పింది. కార్డు అందిందట, చదివించుకున్నారట. ఐలవ్వ కొట్టం ముందు గోనెపట్టా మీద కూర్చుని వడ్లు చెరుగుతోంది. అరవై ఐదు దాటి ఉంటాయి. నేను ఎవరో చెప్పాను. తప్పు నాదేనని, మీ కొడుకులది కాదని చెప్పాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు సగమే వచ్చాయి. ఆమె చేట ఆపలేదు.

చిన్నవాడికి కూడా జాగా వచ్చింది, పేరు ఎక్కింది అన్నాను.

“జాగ సంగతి వాళ్లు సూసుకుంటరు,” అంది. “ఇద్దరి పేర్ల పక్కపొంటి తండ్రి పేరు ఏం రాసినవ్?”

“అంతయ్య.”

“ఇద్దరికా?”

“ఇద్దరికీ అవ్వా.”

చేట పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, కొంగు తల మీదికి లాక్కుంది. నా చేతిలో సంచీలో జాబితా నకలు ఉందని చెప్పబోయాను. వినలేదు. “పా బిడ్డా. గోడ కాడ సదువుదువు,” అని వాకిలి దాటింది. ఇంట్లోంచి చిన్న కోడలు బయటికి వచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది.

మమ్మల్ని చూసి పెద్ద రాజం లేచి నిలబడ్డాడు, పోవడానికి దారి లేదు, ఆమె ఎదురుగా ఉంది. నేను గోడ దగ్గరికి పోయి వేలితో వెతికాను. మామూలు గొంతుతో మొదలుపెడితే, గట్టిగ సదువు బిడ్డా అంది. నేను నా జన్మలో ఎప్పుడూ వీధిలో నిలబడి గొంతెత్తలేదు. ఎత్తాను.

“పెద్ద రాజం, తండ్రి అంతయ్య. చిన్న రాజం, తండ్రి అంతయ్య.”

ఐలవ్వ పెద్దకొడుకు వైపు చూడలేదు. అరుగు మీద కూర్చున్న వాళ్ళను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరినే చూసింది.

“ఇన్నరా?” అంది.

ఇంకోసారి చదవమంది. చదివాను.